ఆరేళ్లుగా వాడుతున్న టింపనోమీటర్: నా అనుభవం

కర్నూలులో ఒక ఈఎన్‌టీ క్లినిక్‌లో ఆడియాలజిస్టుగా చేస్తున్నాను. టింపనోమీటర్ అంటే చెవిలో గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి ఎంత కదులుతుందో చూసే మెషీన్. పొద్దున తాళం తీయగానే దానికి మొదటి పేషెంటును నేనే. ప్రోబ్‌ను, అంటే చెవిలో పెట్టే గొట్టాన్ని, నా కుడి చెవిలో పెట్టుకుంటాను. 226 హెర్ట్జ్ మోత సన్నగా వినిపిస్తుంది, గాలి ఒత్తిడి మారేకొద్దీ చెవి దిబ్బడ వేసినట్టవుతుంది. తెర మీద గీత చిన్న గుట్టలా లేస్తుంది; కర్ణభేరి ఎంత సులువుగా కదిలితే గుట్ట అంత ఎత్తు. దాని ఎత్తు 0.6 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా వస్తే ఆ రోజుకు మెషీన్ బాగున్నట్టే. పోయిన జనవరిలో గుట్ట ఎడమకు, మైనస్ 150 డెకాపాస్కల్స్ (గాలి ఒత్తిడి కొలత) దాకా జరిగిపోయింది. మెషీన్ పోయిందని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే నాకు జలుబు!

చెవిలో నీరు చేరితే మాత్రం ఇట్టే పట్టేస్తుంది. "పిలిస్తే పలకడు సార్, మొండోడు" అని తల్లి పిల్లాడి వీపు మీద ఒకటి వేస్తుంటుంది, ఇక్కడ గీత నేలబారుగా వస్తుంటుంది. మొండితనం కాదమ్మా, నీరు.

పేచీ అంతా ఎముకల దగ్గరే. సుత్తి, దాగలి, అంకవన్నె అనే మూడు బుల్లి ఎముకలు కర్ణభేరి వెనక ఉంటాయి. చివరిది 3 మిల్లీమీటర్లే. బాగా వినిపించే చెవుల్లోనే గుట్ట ఎత్తు 0.3 నుంచి 1.6 మిల్లీలీటర్ల దాకా ఎంత వచ్చినా మామూలే అంటాం. అందుకే అంకవన్నె బిగుసుకుపోయిన చెవి కూడా చాలాసార్లు దర్జాగా మామూలు గుట్టే చూపిస్తుంది. నందికొట్కూరు నుంచి వచ్చిన ఒక అవ్వకు 0.5 వచ్చింది. "బాగుందంటివి గదా నాయనా, మరి నాకు వినపడదేల?" అంది. ఏం చెప్పాలి? ఆడియోగ్రామ్ (ఎంత సన్నని శబ్దం వినిపిస్తుందో చూపే పటం) తీసి, పెద్ద శబ్దానికి అంకవన్నెకు అతుక్కున్న స్టెపీడియస్ కండరం బిగుస్తుందో లేదో, అంటే రిఫ్లెక్స్, చూస్తే అప్పుడు అంకవన్నె బిగుసుకుందని బయటపడింది. ఆనాటి నుంచి రిఫ్లెక్స్ చూడకుండా రిపోర్టు ఇవ్వను.

నేరుగా కంపనాన్నే కొలవాలంటే లేజర్ డాప్లర్ వైబ్రోమీటర్ కావాలి. సుత్తి కొస కర్ణభేరికి అంటుకున్న చోట కాంతి వేసి, కదలికను నానోమీటర్లలో చెబుతుంది. అది ఎక్కువగా పరిశోధనశాలల్లో ఉండే సరుకు. దాంట్లోనూ మంచి చెవులన్నీ ఒకేలా కదలవు.

ఇక విసిగించేవి. ప్రోబ్ కొసకు గులిమి అంటితే చాలు, మొరాయిస్తుంది. ఆరు నెలల లోపు పిల్లలకు 1000 హెర్ట్జ్ కావాలి, నా మోడల్‌లో లేదు. కొనేవాళ్లు అది ముందే అడగండి. రిపోర్టు అచ్చయ్యే థర్మల్ పేపర్ మన ఎండలకు ఆగదు, అచ్చు చెరిగిపోతుంది. మొన్న ఒకాయన రెండేళ్ల కిందటి రిపోర్టు మడత విప్పి ఇచ్చాడు. పెన్నుతో నేను రాసిన ఆయన పేరు తప్ప ఏమీ లేదు.