ఎమ్మారై గదిలో ఫైబర్ ఆక్సిజన్ సెన్సర్: 14 నెలలు వాడాక

మత్తు ఇచ్చిన పసిబిడ్డను ఎమ్మారై సొరంగంలోకి పంపాక ముఖం సరిగా కనిపించదు. యంత్రం మోతలో శ్వాస వినిపించదు. అప్పుడు మా కళ్ళన్నీ రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే తెర మీది అంకె మీదే. 98, 99, మళ్ళీ 98. టెక్నీషియన్‌గా పదకొండేళ్ళుగా ఆ అంకెను కనిపెట్టుకుని కూర్చుంటున్నాను.

మామూలు ఆక్సీమీటర్ క్లిప్పును ఈ గదిలోకి తేకూడదు. స్కాన్ రేడియో తరంగాలకు దాని రాగి తీగ వేడెక్కి చర్మం కాలవచ్చు. ఈ సెన్సర్‌లో వేలి దగ్గర లోహమే లేదు. ఎరుపు, పరారుణ కాంతులు దూరంగా ఉన్న పెట్టెలో పుడతాయి. ఒక ఫైబర్, అంటే కాంతిని మోసే సన్నటి పోగు, వాటిని వేలిదాకా తెస్తుంది, వేలిని దాటిన కాంతిని ఇంకొకటి వెనక్కి తీసుకెళ్తుంది. ఆక్సిజన్ నిండిన రక్తం పరారుణాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ తగ్గిన రక్తం ఎరుపును. ఆ తేడాను నాడితో ముడిపెట్టి కొలవవచ్చని జపాన్ ఇంజనీరు తకువో అవొయాగి 1974లో చూపించారు. ఇక్కడ పనిచేసేదీ ఆ సూత్రమే.

కొలతలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. గది చలికి వేళ్ళు చల్లబడితే మాత్రం నాడి సరిగా అందదు. అందుకే పిల్లలకు ముందే నూలు మేజోళ్ళు తొడిగి, కాలి బొటనవేలికి సెన్సర్ పట్టీ చుడుతున్నాం.

బాధంతా కేబుల్‌తోనే. మూడో నెలలో బల్ల జరుపుతుంటే దాని మీదికి చక్రం ఎక్కింది. స్కాన్ మధ్యలో అంకె పోయి రెండు గీతలు మిగిలాయి. వెంటనే ఆపి బిడ్డను బయటికి తీశాం. బిడ్డ క్షేమంగానే ఉంది, నా చేతులే చాలాసేపు వణికాయి. ఎప్పుడూ పండుమిరపలా వెలిగే సెన్సర్ చివర ఆరోజు మసకబారి ఉంది. పై తొడుగు మీద గీత కూడా పడలేదు, విరిగింది లోపలి పోగు. కేబుల్‌కు వారంటీ వర్తించదని అమ్మినవారు అప్పుడు చెప్పారు. కొనేటప్పుడే చెప్పాల్సిన మాట అది. మామూలు క్లిప్పుకు ఎన్నో రెట్లు ధర పెట్టి కొన్నది మరి!

ఇప్పుడు దాన్ని మడవకుండా అన్నం పళ్ళెమంత చుట్టగా చుట్టి గోడ కొక్కేనికి తగిలిస్తున్నాం. కొనేవారు రెండు కేబుళ్ళు తీసుకోండి. ఊపిరి ఆగిన వెంటనే ఈ అంకె పడిపోదు, ఆలస్యంగా పడుతుంది. కాబట్టి మత్తు కేసులు చేసేచోట, వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ గ్రాఫ్ కూడా చూపించే మానిటర్‌నే అడగండి.