మొగులు ఇక్కడ లేకున్నా వాగు వస్తది

రేగొండ దాటాక ఒక వాగు దగ్గర కారు ఆపితే మా బావ నీళ్ల వైపు చూడనే లేదు. తల పైకెత్తి తుమ్మ కొమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. కొమ్మల్లో వరిగడ్డి, ఒక యూరియా సంచి, చిన్నపిల్లల చెప్పు ఒకటి చిక్కుకుని ఉన్నాయి. వాగులో నీళ్లు మోకాలి లోతే. ఆ గడ్డి మాత్రం మా తలల మీద ఇంకో మనిషి నిలబడితే గానీ అందదు.

"మా దగ్గర కూడా ఇంతేరా. ముందుగాల పైకి చూస్తం, తర్వాతే లోపలికి దిగుతం" అన్నాడు.

బావ ఉండేది అరిజోనాలో. చేసేది సాఫ్ట్‌వేర్, పిచ్చి మాత్రం కాన్యనీరింగ్. ఇసుకరాయిని వరద నీళ్లు కోసుకుంటూ పోతే మిగిలే ఇరుకు లోయలుంటాయట, స్లాట్ కాన్యన్లంటారు. కొన్నిచోట్ల రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి, లోతు మాత్రం పెద్ద భవనమంత. తాడు కట్టుకుని వాటిల్లోకి దిగి అవతలి కొసన బయటపడటం వీళ్ల సరదా. ఈసారి సెలవులకు హనుమకొండ వచ్చి, "మన దిక్కు ఏమున్నయో చూపియ్యిరా" అని వారం రోజులు నా ప్రాణం తీశాడు. ఆగస్టులో, అదీ వాన వెలిసి నాలుగు రోజులే అయినప్పుడు. మా అమ్మకు ఇష్టం లేదు. "పైలం" అని ఒక్క మాట అని ఊరుకుంది.

మొదటి మజిలీ పాండవుల గుట్టలు. హనుమకొండ నుంచి పరకాల మీదుగా గంటన్నర ప్రయాణం. మా జిల్లాలవాళ్లకే సరిగ్గా తెలియని చోటిది. ఇసుకరాయి గుట్టలు, వాటి మధ్య భుజాలు రాసుకుంటూ నడవాల్సిన సందులు, ఆదిమానవులు వేసిన ఎర్రటి బొమ్మలు. ఈ బొమ్మల సంగతి 1990లో బయటపడింది. ఎదురు పాండవులు అనే చోట గోడ మీద జంతువుల బొమ్మల దగ్గర బావ అరగంట కదల్లేదు. వానకు కడిగిన బండల వాసన, ఎక్కడో సన్నగా కారుతున్న నీటి చప్పుడు, పైన రెండు బండల మధ్య పంచె అంచంత ఆకాశం. "ఇది అచ్చం మా దగ్గరి లెక్కనే ఉన్నది" అన్నాడు. వరంగల్ వాడిగా నాకు కొంచెం గర్వమేసింది.

అసలు మేం వెళ్లింది బండ ఎక్కడానికి. అక్కడున్న కుర్రాడు ఒక్క మాటలో తేల్చేశాడు: "ఇయ్యాల ఎక్కనియ్యం సార్, బండ తాగింది." నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎండ కొడుతోంది, పైపైన బండ పొడిగానే ఉంది. బావ మాత్రం ఆ కుర్రాడితో చేయి కలిపి వచ్చాడు. ఇసుకరాయి నీళ్లు పీల్చుకుంటుందట, అప్పుడు రేణువుల పట్టు సడలుతుంది, పైన ఆరినట్టు కనిపించినా లోపల రోజుల తరబడి తడి ఉంటుంది. చేత్తో పట్టుకున్న అంచు చేతిలోకే ఊడొస్తుంది. తనతో తెచ్చిన 60 మీటర్ల తాడు డిక్కీలోంచి బయటికి కూడా తీయలేదు. డబ్బులొస్తున్నా వద్దని చెప్పిన ఆ కుర్రాడికి ఈ మొత్తం యాత్రలో నా మొదటి మార్కు.

అక్కడి నుంచి మోరంచపల్లి మీదుగా వెళ్లాం. 2023 జులై 27న మోరంచవాగు తెల్లవారుజామున ఊరినే ముంచేసింది. జనం డాబాల మీదికెక్కితే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అదే పొద్దు ఎనిమిదిన్నర దాకా 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో ఏడాది మొత్తం సగటున పడేదానిలో సగానికి పైగా ఒక్క రోజులో కురిసిందన్నమాట. ఆ అంకె చెబితే బావ రెండుసార్లు అడిగాడు, సెంటీమీటర్లు మిల్లీమీటర్లు తికమక పడుతున్నానేమోనని.

రామప్ప గురించి కొత్తగా రాయడానికేం లేదు. 1213 నాటి గుడి, 2021 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, సాయంత్రం వెలుగులో వెళ్లండి. చెరువు నిండుగా ఉంది.

రాత్రి ములుగులో ఒక లాడ్జిలో దిగాం. పేరు ఎందుకులెండి. గదికి 1,500 తీసుకున్నారు, దుప్పట్లు తడి వాసన, కరెంటు పోతే జనరేటర్ రిసెప్షన్ వరకే. ఈ సీజన్లో గది చూడకుండా డబ్బులు కట్టకండి. దోమతెర వెంట ఉంటే మంచిది. భోజనం మాత్రం బయట బస్టాండు వైపు ఒక మెస్సులో అదిరిపోయింది. వేడి అన్నం, పచ్చిపులుసు, నాటుకోడి, ఇద్దరికీ కలిపి నాలుగు వందలు దాటలేదు.

ఆ రాత్రే అసలు గొడవ. నేను ముందుగానే ఫోన్లో ఒక ట్రిప్పులవాడికి వెయ్యి రూపాయలు అడ్వాన్సు పంపాను, మర్నాడు వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలోని ముత్యాల ధారకు తీసుకెళ్తానంటే. చాలా ఎత్తు నుంచి సన్నగా పడే జలపాతం, ఫొటోల్లో చూస్తే ఎవరికైనా వెళ్లాలనిపిస్తుంది. కానీ 2023లో అదే జులై 26న అక్కడికి వెళ్లిన దాదాపు 80 మంది వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు, పోలీసులు రాత్రంతా కష్టపడి బయటికి తెచ్చారు. బావ ఫోన్ లాక్కుని వాడిని మూడు ప్రశ్నలు అడిగాడు. దారిలో వాగులెన్ని దాటాలి? పైన వాన పడితే మీకు ఎవరు చెప్తారు? వాగు వస్తే ఇవతల ఉండాలా, అవతల ఉండాలా? "ఏం కాదు సార్, ఫారెస్టోళ్లతోని మేం మాట్లాడుకుంటం, ఎండ మస్తు కొడుతుంది" అన్నాడు వాడు. బావ ఫోన్ పెట్టేసి, "పోవుడు లేదు" అన్నాడు.

నేను అలిగాను. అప్పుడు చెప్పాడు. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో పదకొండు మంది టూరిస్టులు కొట్టుకుపోయారు, గైడ్ ఒక్కడే బతికాడు. వాళ్ల నెత్తిన వరద వచ్చేంత వాన పడలేదు, ఎగువన మైళ్ల దూరంలో పడ్డ వాన ఆ సందులోకి గోడలా వచ్చింది. 2015 సెప్టెంబరులో జయాన్ నేషనల్ పార్కులోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు పోయారు, అందరూ పర్మిట్ తీసుకుని దిగినవాళ్లే. వరద పోయాక కూడా లోపల నమ్మకం ఉండదట. పోయినసారి నడుము లోతు నీళ్లున్న గుంట ఈసారి ఇసుకతో పూడి ఉంటుంది, ఇసుక ఉన్నచోట ఈత లోతు గుంట పడి ఉంటుంది, తాడు కట్టే దుంగ కొట్టుకుపోయి ఉంటుంది. అందుకే పాత వీడియో చూసి దిగరు. ఎండ చొరని నీళ్లు కాబట్టి ఎండాకాలంలోనూ చలికి వణికి చచ్చే ప్రమాదం ఉందని మందపాటి రబ్బరు డ్రెస్ వేసుకుంటారు. ఎడారిలో చలేంటని నవ్వాను. తనకు నవ్వు రాలేదు.

మర్నాడు బొగత వెళ్లాం. తాడ్వాయి అడవి దాటి, ఏటూరునాగారం దగ్గర గోదావరి బ్రిడ్జి మీదుగా వాజేడు మండలం చీకుపల్లి. తాడ్వాయి తర్వాత ఫోన్ సిగ్నల్ వస్తుంది, పోతుంది. పెట్రోలు ముందే కొట్టించుకోండి. గోదావరి ఎర్రగా, ఒడ్డు కనపడనంత వెడల్పుగా పారుతోంది.

బొగతను చూసి బావ "చిన్నదే కదా" అన్నాడు. ఎత్తు తక్కువే, కానీ వెడల్పు చూడాలి. బండల మీద నుంచి ఆ నీళ్లు పడుతుంటే పక్కవాడి మాట వినపడదు. ఆ రోజు ప్రవాహం మామూలుగా ఉండటంతో ఒక పక్కన, కట్టిన తాడు లోపల, కాళ్లు తడుపుకోనిస్తున్నారు. టికెట్లు, పార్కింగ్ అన్నీ సాఫీగానే జరిగాయి. బట్టలు మార్చుకునే గదులు శుభ్రంగా లేవు. ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఉప్పుకారం రాసిన మొక్కజొన్న కంకి ముప్పై రూపాయలు, వాన చినుకులుంటే ఇంకా బాగుండేది.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. మొగులు జాడ లేదు. ఉన్నట్టుండి విజిల్. కాపలా ఉన్న పెద్దాయన అందర్నీ పైకి రమ్మంటున్నాడు. జనం గొణిగారు, ఒకాయన గొడవకు కూడా దిగాడు: ఇంత దూరం వచ్చాం, టికెట్ కొన్నాం, వాన ఎక్కడుంది? పెద్దాయన వాదించలేదు. ఇంకోసారి విజిల్ ఊది ఆయన చేయి పట్టుకుని పైకి తెచ్చాడు.

నేను పక్కకు వెళ్లి అడిగాను, ఎట్లా తెలిసిందని. "నీళ్లల్ల ఆకులొస్తున్నయి బిడ్డా" అన్నాడు. "పచ్చివి. ఎండినయైతే రోజూ వస్తయి. పచ్చాకు, పుల్లలు వచ్చినయంటే పైన ఎక్కడనో వాగు ఒడ్డును కోస్తుంది. గుట్టల మీద గట్టిగనే పడ్డది."

టైము చూసుకున్నాను. ఇరవై ఐదు నిమిషాలకు నీటి రంగు మారింది, పల్చటి చాయ్ చిక్కటి చాయ్ అయినట్టు. నలభై నిమిషాలకు, మేం కాళ్లు పెట్టుకుని కూర్చున్న బండ కనపడలేదు. గొడవపడ్డ ఆయన ఫోన్ తీసి వీడియో తీసుకుంటున్నాడు. బావ మాత్రం ఆ పెద్దాయన పక్కనే కూర్చుని, ఒక్కో ఆకూ చూపించి అది ఏ చెట్టుదని అడుగుతున్నాడు. పంచుకున్న కంకి చల్లారిపోయింది.

రాత్రికి లక్నవరం. నీళ్ల మీద కాటేజీ, వేలాడే వంతెన, తెల్లారి పొగమంచులో చెరువు. ముందు రోజు లాడ్జికి రెట్టింపు కంటే ఎక్కువే అయింది, కానీ పరుపు పొడిగా ఉంది, అప్పుడు నాకు కావాల్సింది అదే. శని, ఆదివారాలు మాత్రం వద్దు, వంతెన మీద సెల్ఫీల కోసం క్యూ కట్టాలి. భోజనం ఓ మోస్తరు.

బొగత, పాండవుల గుట్టలు రెండింటిలో ఒక్కటే వీలైతే నేను గుట్టలే చెబుతాను, కాకపోతే డిసెంబరులో. ముత్యాల ధార సంగతి అటవీ శాఖ వాళ్లు సరేనన్న రోజు చూద్దాం.

ట్రిప్పులవాడు వెయ్యి రూపాయలు తిరిగివ్వలేదు, "మల్లొచ్చినప్పుడు అడ్జస్ట్ చేస్తం అన్నా" అని మెసేజ్ పెట్టాడు. డిసెంబరులో వస్తానని బావ ఆ 60 మీటర్ల తాడు మా ఇంట్లోనే వదిలి వెళ్లాడు. వారం ముసురు పట్టేసరికి అమ్మ దాన్ని వసారాలో నాలుగు వరసలు కట్టి బట్టలు ఆరేసింది.