తోడేళ్ళ సీరియల్ యాప్: రెండు నెలలు, 1,460 రూపాయలు, నా అనుభవం

ముందే చెప్పేస్తాను, ఇవి పెద్దవాళ్ళ కథలు. పౌర్ణమికి తోడేలుగా మారే మగవాడు, గుంపుకి నాయకుడు, అందరూ ఆల్ఫా అంటారు. అతనికి రాసిపెట్టి ఉన్న జోడీ పాతికేళ్ళు దాటిన ఒక యువతి, ఆ గుంపులో అందరికీ లోకువ. అతను మొదట ఆమెను కాదంటాడు, ఆమె వెళ్ళిపోతుంది, తర్వాత అతనే వెతుక్కుంటూ వస్తాడు, మధ్యలో శృంగారం దండిగా ఉంటుంది. ఇంగ్లీషులో ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. నాకు తెలిసి వీటిని చదివేవాళ్ళంతా ఆడవాళ్ళే, చదువుతున్నామని బయటికి చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. నేను చెబుతున్నాను, ఎందుకంటే ఈ కథలు నాకు నిజంగా ఇష్టం, ఇష్టమైనదాన్ని ఇంత అన్యాయంగా అమ్ముతుంటే ఊరుకోలేకపోయాను.

నేను వాడింది భాగాల లెక్కన డబ్బు తీసుకునే ఒక కథల యాప్. పేరు రాయను, ఆ పద్ధతి ఒక్క యాప్‌కే పరిమితం కాదు కాబట్టి. మొదటి 10 భాగాలు ఉచితం, 11వ భాగం నుంచి నాణేలు కొనాలి. తెలుగులో చదవొచ్చు, వినొచ్చు కూడా. నేను ధర్మవరం, బెంగళూరు మధ్య రైల్లో వారం వారం తిరిగే మనిషిని, మూడు నాలుగు గంటల ప్రయాణం, కాబట్టి ఎక్కువగా విన్నాను. 212 భాగాల సీరియల్‌లో 141 దాకా వచ్చి ఆగాను.

బాగున్నది మొదట చెప్పాలి. ఆమె మొదటిసారి మారే భాగం నేను రెండుసార్లు విన్నాను. ఎముకలు విరిగి కొత్తగా అతుక్కోవడం ఇలాంటి కథలన్నిటిలోనూ ఉంటుంది, ఇక్కడ రాసినామె దాన్ని రెండు వాక్యాల్లో ముగించి వాసనల మీదికి వెళ్ళింది. తడిసిన మట్టి, దూరంగా ఎవరో ఆర్పిన కట్టెల పొయ్యి, తన చెమటే తనకు పరాయిగా తోచడం, రోజూ నడిచిన దారి వాసనతో కొత్తగా తెలియడం. మా చిన్నప్పుడు విన్న జానపద కథల్లో మనిషి చిలకవుతాడు, మేకవుతాడు, మంత్రం పడగానే అయిపోతాడు, కానీ అయినవాడికి లోపల ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు. ఇక్కడ అది చెప్పారు. నా తోడికోడలు ఆ భాగం విని, "నాకు రెండో కాన్పు గుర్తొచ్చింది, ఒళ్ళు నాది కాకుండా పోయి, మళ్ళీ నాదయ్యేసరికి వేరే మనిషినైపోయాను" అంది. పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆ మాట అక్క నాతో ఎప్పుడూ అనలేదు. కథ మాట్లాడించింది. అందుకే ఈ కథల్ని చవకబారు అని తీసిపారేస్తే నాకు కోపం వస్తుంది.

ఇక తెలుగు. ఇంగ్లీషు నుంచి తెచ్చారు, తెచ్చినవాళ్ళు తెలుగులో ఒక్కసారి పైకి చదువుకున్నట్టు లేదు. "నా లోపలి తోడేలు గర్జించింది" అంటారు. గర్జించేది సింహం, తోడేలు గుర్రుమంటుంది, ఊళ వేస్తుంది. తోడేళ్ళ గుంపుని "మంద" అన్నారు, ఆల్ఫాని "మంద నాయకుడు" అన్నారు. మా జేజినాయన అనంతపురం పక్క పల్లెల్లో గొర్రెలు మేపినవాడు, ఆయనకి మంద అంటే గొర్రెలది, తోడేలు ఆ మంద మీద పడేది. ఆ ఒక్క మాటతో కథంతా తలకిందులైపోతుంది. గుంపు నుంచి వెలివేసిన తోడేళ్ళని "పోకిరీలు" అన్నారు, భయపడాల్సిన చోట వినేవాళ్ళకి నవ్వొస్తుంది. ఇంకొకటి, జతకోసం ఒళ్ళు తపించే రోజుల్ని "ఆమెకి వేడి మొదలైంది" అని రాశారు. మన ఇళ్ళల్లో వేడి చేసిందంటే మజ్జిగ ఇస్తారు. పశువులకి వాడే ఎద అనే మాట ఉంది గానీ మనిషికి వాడితే మోటుగా ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. సగం జంతువైన మనిషి కథలో ఆ మోటుతనమే కావాలేమో అని నాకనిపిస్తుంది, లేదా ఆమె తనకు తాను పెట్టుకున్న ఒక పేరైనా పెట్టాలి. ఆలోచించి ఏదో ఒకటి చేయాలి కదా!

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది లొంగిపోవడం గురించిన మాటలు. ఈ కథలకి గుండెకాయ అదే. ఆమె అతని ముందు తల వంచుతుందా లేదా, ఎప్పుడు, ఎందుకు. తెలుగు అనువాదంలో అతను "నాకు సమర్పించు" అంటాడు. అది దరఖాస్తు కింద ఉండే బటన్ మాట. ఇంకో చోట "లొంగిపో" అంటాడు, అది పోలీసులు దొంగకి చెప్పే మాట. మనకి ఇందులో ఎన్ని మెట్లున్నాయి! వశం కావడం వేరు, శరణనడం వేరు, దాసోహమనడం వేరు, మనసిచ్చి తనంతట తాను తగ్గడం వేరు. ఆ మెట్ల తేడా మీదే ఆమె కథంతా నడవాలి.

అన్నిటికీ మించి మీరు, నువ్వు ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్ళకి లేని సదుపాయం ఇది. ఆమె అతన్ని గుంపు ముందు "మీరు" అని, గదిలోకి వచ్చాక మొదటిసారి "నువ్వు" అంటే, లేదా ఎప్పుడూ నువ్వు అనేది ఒక రాత్రి కావాలని "మీరు" అంటే, ఇంకేమీ రాయక్కర్లేదు, చదివేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. ఈ యాప్‌లో ఒకే సంభాషణలో మూడు లైన్లు మీరు, రెండు లైన్లు నువ్వు. ఎవరూ చూసుకోలేదు. చదివి వినిపించే ఇద్దరి గొంతులు మాత్రం చాలా బాగున్నాయి, ముఖ్యంగా ఆమె గొంతు, చెడ్డ వాక్యాన్ని కూడా నమ్మించే ప్రయత్నం చేసింది.

ఇప్పుడు కథలో నాకున్న అసలు గొడవ. 64వ భాగంలో అతను దగ్గరికి వస్తాడు, ఆమె "ఆగు" అంటుంది, అతను ఆగుతాడు. తోడేలు గొలుసు తెంచుకుంటున్నట్టు లోపల కొట్టుకుంటున్నా ఆగుతాడు. కాసేపటికి ఆమే లేచి వెళ్ళి, అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మెడ పక్కకి వంచి చూపిస్తుంది. నేను చదివిన శృంగార సన్నివేశాల్లో ఇంత బలమైనవి కొన్నే. 97వ భాగానికి వచ్చేసరికి అదే ఆమె అదే మాట అంటుంది, అతను ఆగడు, తెల్లారి ఆమె దాన్ని ప్రేమ అనుకుంటుంది. అంతకుముందు రాసిన మనిషే ఇది రాసిందా అనిపించింది. తోడికోడలు అక్కడే మానేసింది, మళ్ళీ ముట్టుకోలేదు. న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కూతురు మాత్రం ఇంగ్లీషులో మొత్తం చదివింది. "అక్కా, పొద్దున్నుంచి రాత్రి దాకా ఈఎంఐ నుంచి పిల్లల ఫీజు దాకా అన్నీ నేనే తేల్చాలి. అరగంట సేపు ఎవరో నా తరఫున తేల్చేస్తే నాకు విశ్రాంతి. అది కథ అని నాకు తెలుసు" అంది. తన మాట నేను కొట్టిపారేయను. అలసిపోయిన మనిషి కోరికని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ ఆ విశ్రాంతి 64వ భాగంలోనే ఎక్కువ ఉందని నా వాదన, ఎందుకంటే అక్కడ ఆమె తన బరువుని నమ్మకంతో ఇంకొకరి చేతిలో పెట్టింది, 97లో లాక్కున్నారు. ఇదే మాట ఫోన్లో గంటసేపు వాదించుకున్నాం, తేలలేదు.

97ని సమర్థించడానికి కథ చెప్పే సాకు ఒకటుంది, "ఆల్ఫా అంతే, తోడేళ్ళ ప్రకృతి ధర్మం అది" అని. ఇది అబద్ధం, తెలిసినవాళ్ళు గట్టిగా చెప్పాలి. ఒకరి మీద ఒకరు పెత్తనం కోసం కొట్టుకునే ఆల్ఫా అనే ఊహకి మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్ళని చూసి రాసింది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ 1970లో వచ్చిన తన పుస్తకంతో ఆ మాటని ఊరూరా తిప్పాడు. తర్వాత ఆయనే కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో వేసవి వేసవికీ వెళ్ళి అడవి తోడేళ్ళతో గడిపి, నేననుకున్నది తప్పు అని 1999లో రాశాడు. అడవిలో తోడేళ్ళ గుంపంటే చాలావరకు అమ్మ, నాన్న, పిల్లలు. పెత్తనం కోసం పోరాడి గెలిచిన రాజు కాదు, పిల్లల్ని పెంచుతున్న తండ్రి. తోడేళ్ళ పేరు చెప్పి ఇది ప్రకృతి అనేస్తే ఆమె ఎంచుకోవడానికి ఏమీ మిగలదు, ఆమె ఎంచుకోకపోతే ఆ తల వంచడంలో నాకు చూడ్డానికి ఏమీ మిగలదు.

సాగతీత గురించి చెప్పాలంటే, 110 నుంచి 130 దాకా ఏమీ జరగలేదు. ఒకే తలుపు ముందు రెండు భాగాలు నిలబడ్డారు. ఒక వారంలో రెండు పౌర్ణములు వచ్చాయి, రెంటికీ మధ్య 29 రోజులన్నర ఉంటుందని మా ఇంట్లో క్యాలెండర్ చూసే ఎవరైనా చెబుతారు. భాగానికింత అని డబ్బు తీసుకున్నప్పుడు ఇది చిన్న తప్పు కాదు. ఒక్కో భాగం 7, 8 నిమిషాలు, సరిగ్గా అతని చెయ్యి ఆమె భుజం మీద పడేచోట తాళం. మా అమ్మ వారపత్రికల్లో సీరియళ్ళు చదివేది, చివర సశేషం అని ఉంటే వారం ఆగేది, ఆగడానికి అదనంగా డబ్బు అడిగేవాళ్ళు కాదు.

డబ్బు విషయం జాగ్రత్తగా వినండి. తర్వాతి భాగం దానంతటదే తెరుచుకునే సెట్టింగు ముందే వేసి ఉంది. నేను రైల్లో నిద్రపోయాను, లేచేసరికి తొమ్మిది భాగాల నాణేలు పోయాయి. వాళ్ళకి రాస్తే యాంత్రికమైన జవాబొచ్చింది, నాణేలు రాలేదు. మొదటి వారం తక్కువ ధర అని చూపించి యూపీఐ ఆటోపే, అంటే గడువు రాగానే ఖాతాలోంచి డబ్బు దానంతటదే పోయే ఏర్పాటు, పెట్టించారు. యాప్ ఫోన్లోంచి తీసేసినంత మాత్రాన అది ఆగదు, మీ యూపీఐ యాప్‌లోకే వెళ్ళి ఆటోపే అనే చోట దాన్ని రద్దు చేయాలి. నేను రెండో నెల కట్టాక తెలుసుకున్నాను.

ఇంకో టెన్షన్ నోటిఫికేషన్లు. పెద్దవాళ్ళ కథలని తెలిసీ, లాక్ చేసిన తెర మీద "ఆల్ఫా నీ కోసం పడకగదిలో ఎదురుచూస్తున్నాడు" అని పంపిస్తారు. అప్పుడు ఫోను మా అత్తమ్మ చేతిలో ఉంది, మనవడికి పాటలు పెడుతోంది. ఆవిడ ఏమీ అనలేదు, ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమంతా నేను ముడుచుకుపోయాను. నేను చదివేది నాకు సిగ్గు కాదు, ఎవరికి ఎప్పుడు చెప్పాలో మాత్రం నేను నిర్ణయించుకోవాలి కదా. వయసు అడగడం కూడా ఒక్క టిక్కుతో సరిపెట్టారు. ఇంట్లో అందరూ ఒకే ఫోను వాడే మన ఊళ్ళల్లో అది ఏ మూలకీ సరిపోదు. బలవంతం ఉన్న భాగాల ముందు ఒక్క లైను హెచ్చరిక పెట్టినా తోడికోడలు 97ని దాటేసి కథతో ఉండేది, వాళ్ళకి ఆ డబ్బూ వచ్చేది.

కథకి, అందులోనూ మొదటి 70 భాగాలకి, 5కి 4 ఇస్తాను. తెలుగు అనువాదానికి 1, చదివిన గొంతులకి 4, డబ్బు తీసుకునే పద్ధతికి సున్నా. ఇంగ్లీషు చదవగలిగితే ఇంగ్లీషులోనే చదవండి, తెలుగులోనే కావాలంటే వినండి, ఆటో అన్‌లాక్ ఆపేసి, నోటిఫికేషన్లు ఆపేసి, ముందే ఇంత అని అనుకుని అంతకే నాణేలు కొనండి. ఎవరైనా తెలుగులోనే మొదటినుంచి ఇలాంటి కథ రాస్తే, మన రాయలసీమ గుట్టల్లో తిరిగే తోడేళ్ళతో, మీరు నువ్వుల తేడా తెలిసిన చేత్తో రాస్తే, భాగానికి రెట్టింపు ఇవ్వడానికి నేను సిద్ధం.

నిన్న ఆ 64వ భాగం ఒక్కటి ఫోన్లో దాచుకుందామని చూశాను. కుదరదట, యాప్ తీసేస్తే డబ్బు కట్టి కొన్నవి కూడా కనిపించవు. మా అమ్మ వారపత్రికల్లోంచి కత్తిరించి, దారంతో కుట్టి, అట్ట వేసుకున్న సీరియళ్ళు ధర్మవరంలో బీరువా మీద ఇప్పటికీ ఉన్నాయి.