సీఎన్‌క్యూఎక్స్ డైసోడియం సాల్ట్: చవకే, కానీ అన్ని రికార్డింగులకీ కాదు

మెదడు స్లైసుల్లో గ్లుటమేట్ అనే ఉత్తేజక సంకేత రసాయనాన్ని అందుకునే ఆంపా, కైనేట్ రిసెప్టర్లను మూసేయడానికి చాలా ల్యాబులు ముందుగా తెప్పించే మందు సీఎన్‌క్యూఎక్స్‌. 1988లో డెన్మార్క్ పరిశోధకులు అదే కోవ బ్లాకర్ డీఎన్‌క్యూఎక్స్‌తో పాటు దీన్ని బయటపెట్టారు. రెండేళ్లకు వచ్చిన మరో బ్లాకర్ ఎన్‌బీక్యూఎక్స్ కంటే మామూలుగా ధర తక్కువ. రికార్డింగ్ చివర్లో ఈపీఎస్‌సీ (కణాన్ని ఉత్తేజపరిచే సినాప్టిక్ కరెంట్) నిజంగా గ్లుటమేట్‌దేనా అని తేల్చుకోవడానికి ఇది చాలు. ఇన్హిబిటరీ (కణాన్ని అణచే) కరెంట్లు కొలిచేవాళ్లు మాత్రం ఇంకాస్త డబ్బు పెట్టి ఎన్‌బీక్యూఎక్స్ తీసుకోవడమే మంచిది. కారణం కింద ఉంది.

ఆర్డర్ పెట్టేటప్పుడే మొదటి తప్పు జరుగుతుంది. ఒకే పేరుతో రెండు రూపాలు అమ్ముతారు. ఫ్రీ యాసిడ్ మాలిక్యులర్ వెయిట్ 232.15, అది డీఎంఎస్ఓలోనే సరిగ్గా కరుగుతుంది. డైసోడియం సాల్ట్‌ది 276.12, ఇది నీళ్లలో కరుగుతుంది. సీసాలో సాల్ట్ ఉండగా పాత ప్రోటోకాల్‌లోని 232తో లెక్క కడితే స్టాక్ 16 శాతం పలచన అవుతుంది. 10 మిల్లీమోలార్ అని రాసిన ట్యూబులో ఉండేది 8.4 మాత్రమే. బ్యాచ్ హైడ్రేట్ అయితే తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే కేటలాగ్‌లోని అంకె కాకుండా, ఆ బ్యాచ్ సర్టిఫికెట్‌లో ఇచ్చిన వెయిట్‌నే వాడాలి.

10 మి.గ్రా. సీసా కొంటే తూకం జోలికి పోవద్దు. తేమ పీల్చే సాల్ట్ అది, వానాకాలంలో బ్యాలెన్స్ మీద పెట్టి తూచినంతసేపూ అంకె మారుతూనే ఉంటుంది. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి ఉంటే గది వేడికి వచ్చేదాకా మూత తీయకుండా ఆగి, 1.81 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ నేరుగా అందులోనే పోయండి. 20 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. పీబీఎస్ (ఫాస్ఫేట్ బఫర్) వద్దు, సాదా నీళ్లే. పీహెచ్ ఆమ్లం వైపు జరిగితే ఫ్రీ యాసిడ్‌గా మారి అడుగున పేరుకుంటుంది. వోర్టెక్స్ చేసి, 100 మైక్రోలీటర్ల చొప్పున ముదురు రంగు ట్యూబుల్లో పంచి, మైనస్ 20లో పెట్టాలి. ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించాక రేణువులు కనబడితే కాస్త వేడి చేసి మళ్లీ వోర్టెక్స్ చేయండి. అవి కరగకముందే పైనున్న ద్రవాన్ని పిపెట్ చేస్తే డోస్ తగ్గిపోతుంది, మరుసటి రోజు "మందు పనిచేయలేదు" అనే మాట వినబడుతుంది.

వాడకంలో 10 మైక్రోమోలార్ సరిపోతుంది: లీటరు ఏసీఎస్ఎఫ్‌కి (స్లైస్ మీద పారే కృత్రిమ మెదడు ద్రవానికి) ఈ స్టాక్ 500 మైక్రోలీటర్లు. ఆ లెక్కన ఒక సీసాకి 3.6 లీటర్లు వస్తాయి, నిమిషానికి 2 మి.లీ. పారితే దాదాపు 30 గంటలు. మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర పట్టిన ఈపీఎస్‌సీ, ద్రావణం చాంబర్‌కి చేరిన 5 నుంచి 10 నిమిషాల్లో పడిపోవాలి. పడకపోతే మందును తిట్టేముందు ట్యూబింగ్‌లోని డెడ్ వాల్యూమ్ (చాంబర్‌కి చేరకముందు గొట్టాల్లో నిలిచే ద్రవం) చూడండి. కడిగేస్తే కరెంటు తిరిగొస్తుంది కానీ తొందరగా రాదు, పూర్తిగా వస్తుందన్న నమ్మకమూ లేదు. కాబట్టి మందు తగిలిన స్లైస్‌ని మళ్లీ కంట్రోల్‌గా వాడకండి.

ఇక అసలు లోపం. సీఎన్‌క్యూఎక్స్ పేరుకే శుద్ధమైన బ్లాకర్. ఆంపా రిసెప్టర్‌కి టార్ప్ అనే తోడు ప్రోటీన్ అతుక్కుని ఉన్నప్పుడు ఇదే పాక్షిక అగోనిస్ట్‌గా (రిసెప్టర్‌ని కొంతమేర తెరిచే మందుగా) మారుతుందని 2007లో రోజర్ నికోల్ బృందం చూపించింది. డీఎన్‌క్యూఎక్స్‌దీ అదే తీరు, ఎన్‌బీక్యూఎక్స్‌కి ఆ గుణం లేదు. అంటే ఇంటర్‌న్యూరాన్లను (పక్క కణాలను అణచే న్యూరాన్లను) మూయబోయి కొంచెం ఉత్తేజపరుస్తున్నామన్నమాట! హిప్పోకాంపస్‌లో వాటి ఫైరింగ్ పెరిగి, పక్కనున్న పిరమిడల్ కణంలో ఆకస్మిక ఐపీఎస్‌సీల (అణచే సినాప్టిక్ కరెంట్ల) సంఖ్య ఎగబాకుతుంది. దాన్ని ప్రయోగ ఫలితం అనుకుంటే పేపరే తప్పు దారి పడుతుంది. న్యూరాన్ల ఫైరింగ్‌ను ఆపే టీటీఎక్స్ కలిపి మినీలు (ఫైరింగ్ లేకుండానే వచ్చే చిన్న కరెంట్లు) కొలిచేటప్పుడు ఫైరింగే ఉండదు కాబట్టి ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

రెండో లోపం చిన్నదే. సగం నిరోధానికి కావలసిన గాఢత ఆంపాకి 0.3, కైనేట్‌కి 1.5 మైక్రోమోలార్. 25 దగ్గరికి వెళ్తే ఎన్‌ఎండీఏ అనే మరో గ్లుటమేట్ రిసెప్టర్‌లో గ్లైసిన్ అతుక్కునే చోటునూ తాకుతుంది. అందుకని "గట్టిగా ఆగాలి" అని 40, 50 వేయడం అర్థం లేని పని. ఎన్‌ఎండీఏ భాగాన్ని ఆపాలంటే 50 మైక్రోమోలార్ డీ-ఏపీ5 (ఎన్‌ఎండీఏ బ్లాకర్) విడిగా కలపండి. సీఎన్‌క్యూఎక్స్ గ్లుటమేట్‌తో పోటీపడే రకం బ్లాకర్, గ్లుటమేట్ విపరీతంగా చేరే చోట కొంత కరెంటు మిగలవచ్చు. ఆంపాని, కైనేట్‌ని విడదీయడం దీని వల్ల కాదు, దానికి ఆంపానే ఎంచి ఆపే జీవైకేఐ 53655 లాంటిది కావాలి.

మనుషులకీ జంతువుల చికిత్సకీ ఇది పనికిరాదు, ల్యాబ్ రసాయనం మాత్రమే. గ్లవ్స్ తప్పనిసరి. ఏడాదికి నాలుగైదు ప్రయోగాలు చేసే ల్యాబ్ 50 మి.గ్రా. తీసుకోవద్దు, 10 మి.గ్రా. చాలు. ఎన్‌బీక్యూఎక్స్‌కి వెళ్లేవాళ్లు దాని డైసోడియం రూపమే అడగండి, మాలిక్యులర్ వెయిట్ 380.24.