కడప బ్రౌన్ గ్రంథాలయం: ఒక పాఠకుడి మాట

2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం తన పేరుకు చేస్తున్న అసలైన మర్యాద, నా దృష్టిలో, కడప ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రాన్ని నిర్వహించడమే. వేమన పద్యాలను సేకరించి, పరిష్కరింపజేసి, 1829లో అచ్చువేయించిన బ్రౌన్ ఒకప్పుడు నివసించిన బంగళా స్థలంలోనే, రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో, దాతల విరాళాలతో ఈ గ్రంథాలయం వెలిసింది. సొంత డబ్బుతో పండితులను పోషించిన బ్రౌన్ కూడా దాతే కదా! తాళపత్రాలు, పాత గ్రంథాలు కావలసిన పరిశోధకులు తప్పక రావలసిన చోటిది. ధనదాతల పేర్లు శిలాఫలకాలకెక్కడం ఎక్కడైనా ఉన్నదే. ఇంటి అటక మీది పుస్తకాలను తెచ్చి ఇచ్చినవారి పేర్లు మాత్రం ఆయా పుస్తకాల లోపలి అట్ట మీదే ఉండాలని నా అభిప్రాయం.