ఇస్త్రీతో అంటించే ప్యాచ్‌లు: ఎక్కడ నిలిచాయి, ఎక్కడ ఊడాయి

మా అబ్బాయి ఆరో క్లాసులో ఉన్నప్పటి నుంచి ఈ ఐరన్ ఆన్ ప్యాచ్‌లు (వెనక గమ్ ఉండి, ఇస్త్రీ వేడికి బట్టకి అంటుకునే గుడ్డ ముక్కలు) వాడుతున్నా, వాడిప్పుడు టెన్త్‌కొచ్చాడు, అంటే రెండు ఉతుకులు చూసి రాసే రివ్యూ కాదిది. జీన్స్‌కీ స్కూల్ ప్యాంట్లకీ సూపర్, టీషర్ట్‌లకీ బనీన్లకీ అంతంత మాత్రం, చీరలకి మాత్రం అసలొద్దు. ఇంకోటి, కుట్టు అక్కర్లేదు కదా అని కొంటే డబ్బులు దండగ, కుట్టుకి తోడుగా ఉంటదని కొంటే మాత్రం పెట్టిన డబ్బు వచ్చేసిద్ది.

మా ఇంట్లో చిల్లుల బెడద మామూలుది కాదు. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ పని చేస్తారు. నిప్పురవ్వలు పడి ప్యాంటు తొడల మీద, చొక్కాకి పొట్ట దగ్గర ఆవగింజంత చిల్లులు పడతాయి, ఉతికే కొద్దీ అవి పెద్దవైపోతాయి. ఒక్కో చిల్లుకీ రఫ్ఫు (దారంతో నేసినట్టు పూడ్చడం) చేయించాలంటే ప్యాంటు ఖరీదు కంటే అదే ఎక్కువయ్యిద్ది. మా అత్తమ్మ చేత్తో మాసికలు వేసేది, చాలా బాగా వేసేది కూడా, ఇప్పుడు చూపు ఆనటం లేదు పాపం. అలా మొదలైంది ఈ ప్యాచ్‌ల గోల.

తొడ మీద అక్కడక్కడా చిల్లులున్నప్పుడు విడివిడిగా చిన్న చిన్న ముక్కలు వెయ్యకుండా లోపలి వైపు ఒకటే పెద్ద ముక్క వేసెయ్యండి, అన్నీ ఒకేసారి కవర్ అయిపోతాయి, బయటికి పెద్దగా కనపడదు కూడా. కాకపోతే లోపల వేస్తే ప్యాచ్ గమ్ చిల్లులోంచి బయటికి తేలుతుంది, అది కింద పరిచిన దుప్పటికో ఇస్త్రీ పెట్టెకో అంటుకుంటది. అందుకని చిల్లు చుట్టూ ఊడిన దారప్పోగుల్ని సూదిమొనతో దగ్గరికి లాగి, కింద బటర్ పేపర్ వేసుకుంటా. వెల్డింగ్ లాంటి పనులు చేసేవాళ్ళ బట్టలకైతే ప్యాచ్ కాటన్‌దే అయ్యుండాలి, పాలిస్టర్‌దైతే రవ్వ పడగానే కరిగి చర్మానికి అతుక్కునే ప్రమాదముంది. ప్యాకెట్ మీద రాసిలేకపోతే ఓ దారప్పోగు లాగి వెలిగించి చూడండి, కాటన్ అయితే కాలి బూడిదవుద్ది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అయిపోద్ది.

ఇక అంటించడం. అందరూ ఇస్త్రీ చేసినట్టే పెట్టెని అటూ ఇటూ లాగుతారు, అక్కడే పని చెడిద్ది. లాగితే ప్యాచ్ జరిగిపోద్ది, ఒకచోట పెట్టి గట్టిగా అదిమి ఓ అర నిమిషం అలాగే ఉంచి, ఎత్తి పక్కన పెట్టాలి, తర్వాత బట్ట తిరగేసి అవతలి వైపు నుంచి కూడా అదమాలి. మనిళ్ళల్లో ఉండే మామూలు డ్రై ఐరన్‌కి డయల్ మీద నైలాన్, సిల్క్, ఊల్, కాటన్ అని ఉంటాయిగా, జీన్స్ ప్యాచ్‌కి కాటన్ దగ్గర పెట్టొచ్చు. స్టీమ్ ఐరన్ అయితే స్టీమ్ పూర్తిగా ఆపెయ్యాలి, తడి ఉంటే గమ్ సరిగా పట్టదు, పైగా స్టీమ్ ఐరన్ అడుగున చిల్లులున్న చోట వేడీ ఒత్తిడీ రెండూ తక్కువే. నన్నడిగితే పాత బరువైన పెట్టే నయం. మా వీధి చివర ఇస్త్రీ బండి బాబాయ్ దగ్గర బొగ్గుల పెట్టె ఉంది, ఆ బరువుకి గమ్ బట్టలోకి దిగిపోద్ది, కాకపోతే దానికి డయల్ ఉండదు కాబట్టి పైన తడి లేని కాటన్ గుడ్డ వేసి చెయ్యమని చెప్పాలి. అంటించాక పూర్తిగా చల్లారేదాకా కదపకూడదు, చల్లారితేనే గమ్ గట్టిపడిద్ది, వేడి మీద అంచు గోకి చూస్తే లేచొచ్చేస్తది. ఉతకడం కూడా మర్నాడు పెట్టుకోండి.

గంజి సంగతి కూడా చూసుకోవాలి. గంజి పెట్టిన బట్టకి ప్యాచ్ వేస్తే గమ్ గంజికి అంటుకుంటది గానీ బట్టకి కాదు, మొదటి ఉతుక్కే గంజితోపాటు ప్యాచ్ కూడా వెళ్ళిపోద్ది. బట్టలు మెత్తగా ఉండాలని ఆఖర్న వేసే వాసన లిక్విడ్ కూడా అంతే, పోగుల మీద పొరలా ఉండిపోద్ది. సబ్బుతో ఉతికి, బాగా ఆరబెట్టి, అప్పుడు వెయ్యండి. కొత్త బట్టైనా ఒకసారి ఉతకాల్సిందే.

మూలలు మాత్రం గుండ్రంగా కత్తిరించాలి, కోణంగా ఉంటే ముందు లేచేది ఆ కొసే. చిల్లు కంటే అన్ని వైపులా ఓ సెంటీమీటరున్నర ఎక్కువ ఉండేలా కోసుకుంటే మంచిది, చిల్లు అంచు బట్ట ఎలాగూ పల్చబడి ఉంటది కాబట్టి గమ్ పట్టడానికి గట్టి బట్ట కావాలి.

స్కూల్ ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఉత్త ప్యాచ్ కొన్నాళ్ళే నిలిచిద్ది, మోకాలు వంచినప్పుడల్లా అంచులు లేస్తాయి. అందుకని అంటించాక చుట్టూ కుట్టు వేయిస్తా. గుండుసూదులు అక్కర్లేదు, ముక్క జరగదు, మిషన్ మీద పని తేలిక. అయినా మా టైలర్ ఊరుకోడు, "అమ్మా, ఈ గమ్ముకి నా సూది పట్టేస్తంది, కుట్టు కుట్టుకీ దాటేస్తంది" అంటాడు. అదీ నిజమే, గమ్ పూర్తిగా చల్లారకపోతే సూదికి అంటుకుంటది, కాస్త లావుగా ఉండే పదహారో నంబరు సూది వేసుకుంటే కాస్త నయం. ఈ ప్యాంట్లు పాలిస్టర్ కలిసిన బట్ట కాబట్టి పైన గుడ్డ వెయ్యకుండా అదిమితే అక్కడ మెరుపు వచ్చేస్తది, ఇక అది పోదు.

టీషర్ట్ సంగతి వేరు. అది సాగే బట్ట, ప్యాచ్ సాగదు, దాంతో ప్యాచ్ అంచు వెంబడే కొత్త చిరుగు మొదలవుద్ది, పొట్ట మీద అట్ట ముక్క కట్టుకున్నట్టు ఉంటది. బెల్టు బకిల్ రాసుకుని పడే సన్న చిల్లులకి మాత్రం కాలర్‌లో వేసే పేస్టింగ్ కాన్వాస్‌లో బాగా పల్చటిది చిన్న ముక్క లోపల వేస్తే పర్లేదు, మా ఆయన ఇంట్లో వేసుకునే వాటికి అదే చేస్తా.

చీరల జోలికెళ్ళొద్దని ఎందుకన్నానంటే, పల్చటి కాటన్‌కి గమ్ ఇవతలికి మచ్చలా తేలిద్ది, ప్యాచ్ వేసిన చోట బట్ట బిగుసుకుపోయి కుచ్చిళ్ళు సరిగా పడవు. పట్టుకైతే గమ్ బాగా కరిగేంత వేడి పెడితే పట్టు పాడయ్యే ప్రమాదముంది, వేడి తగ్గిస్తే గమ్ సరిగా కరగదు. మంగళగిరి చీరకి చిరుగు పడితే రఫ్ఫు చేసేవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి. రెయిన్ కోటు, గొడుగు బట్ట ఎక్కువగా నైలానో పాలిస్టరో కాబట్టి ఇస్త్రీ పెట్టె దగ్గరికే రానివ్వకూడదు, వాటికి వేడి అక్కర్లేకుండా అంటించే టేపులు దొరుకుతాయి.

కొనడానికి మా ఊళ్ళో అయితే వన్‌టౌన్‌లో టైలరింగ్ సామాన్ల షాపులు చాలు. గమ్ వైపు వేలితో తడిమితే సన్న గరుకు అంతటా ఒకేలా తగలాలి, అక్కడక్కడా నున్నగా ఉంటే తీసుకోవద్దు. జీన్స్ ప్యాచ్‌ల్లో నీలం షేడ్లు తేడా ఉంటాయి, ప్యాంటు పట్టుకుపోవడం మేలు. మనసులో మాట చెప్పాలంటే ఈమధ్య నేను ప్యాకెట్లు తగ్గించేశా, రెండు వైపులా గమ్ ఉండే షీటు తెచ్చి పాత జీన్స్ ముక్కలకి వేసుకుంటున్నా, రంగు బాగా కలుస్తంది, బట్టా అసలైన డెనిమే.

పెట్టె అడుక్కి గమ్ అంటితే చేత్తో గోకకండి. వేడి మీద పారాసిటమాల్ బిళ్ళని పట్టకారుతో పట్టుకుని రుద్ది, కాటన్ గుడ్డతో తుడిస్తే వచ్చేస్తది, పొగ వస్తది కాబట్టి కిటికీ తీసుకోండి.

పాత ప్యాచ్ సగం ఊడి వేలాడుతుంటే లాగి చించొద్దు, మళ్ళీ వేడి చేస్తే గమ్ మెత్తబడిద్ది, అప్పుడు ఓ మూల నుంచి మెల్లగా లేపాలి. మిగిలిన గమ్ మీద పనికిరాని కాటన్ గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే చాలావరకు గుడ్డకే ఎక్కేస్తది. ఆ తర్వాత అదే చోట కొత్తది వేసుకోవచ్చు, కాకపోతే ఈసారి ముక్క కాస్త పెద్దది కొయ్యండి.