స్టార్ వార్స్ ఆర్మడా: బ్రేస్ టోకెన్ మీద నా పక్షపాతం

ఆర్మడా అంటే అంతరిక్ష ఓడల బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆట. దాని గురించి రాసేవారు ఆ బొమ్మల అందంతో మొదలుపెడతారు. ఆట 2015 నుంచి ఉంది, అవన్నీ తెలిసినవే. ఇన్నేళ్లు ఆడాక కూడా నన్ను బల్ల దగ్గరకు లాగుతున్నవి దాడి నష్టాన్ని తగ్గించుకోవడానికి ఓడకు ఉండే రక్షణ టోకెన్లు, వాటిలోనూ ముఖ్యంగా బ్రేస్.

దెబ్బ తినేవాడు ఇందులో ఒక్క పాచిక కూడా వెయ్యడు. ఎదుటివాడి పాచికలు చూసి, ఏ టోకెన్ ఖర్చు పెట్టాలో తేల్చుకుంటాడు. వాడిన టోకెన్ ఆకుపచ్చ నుంచి ఎరుపు వైపుకు తిరుగుతుంది. రౌండు ముగిస్తే మళ్లీ పచ్చబడుతుంది. ఎరుపులో ఉండగానే ఇంకోసారి వాడితే ఆ ఆటకు ఇక దానిమీద ఆశ వదులుకోవాలి. బ్రేస్ చేసే పని నష్టాన్ని సగం చేయడం, అదీ పై అంకెకు సవరించి. అంటే రెండు దెబ్బల దాడిలో అది కాపాడేది ఒకటే, ఏడు దెబ్బల దాడిలో మూడు. ఒకే ఓడ తన రెండు వైపుల నుంచి రెండు దాడులు చేయగలదు కాబట్టి, మొదటి చిన్న దాడికే మనల్ని కంగారుపెట్టి బ్రేస్ ఖర్చు పెట్టించడం ఎదుటివాడి ఎత్తు. ఆ కంగారును అణచుకోవడంలోనే నాకు ఆట సగం మజా.

ఈ టోకెన్ల నియమాల మీద మా బావతో జరిగిన వాదన మాత్రం మరిచిపోలేను. బావ ఆడిటర్. నియమాల పుస్తకాన్ని పన్నుల చట్టం చదివినట్టు చదువుతాడు. నా విక్టరీ స్టార్ డిస్ట్రాయర్ ఓడకు ఎడమ పక్క షీల్డు ఒక్కటే మిగిలింది, ముందు వైపు మూడూ భద్రంగా ఉన్నాయి. ఆ ఎడమ పక్క మీదే బావ పాచికల్లో ఏడు నష్టం పడింది, అందులో ఒకటి క్రిటికల్. షీల్డులు దాటిన నష్టానికి హల్ మీద, అంటే ఓడ ఒంటి మీద, నష్టపు కార్డు పడుతుంది. నేను రీడైరెక్ట్ (నష్టాన్ని ఆనుకుని ఉన్న వైపు షీల్డులకు మళ్లించే టోకెన్), బ్రేస్ రెండూ ఖర్చు పెట్టాను, ఆ వరుసలోనే.

"ముందు రీడైరెక్ట్ పెట్టావు కదా. మూడు ముందు షీల్డులకు పోయాయి. మిగిలిన నాలుగులో సగం రెండు. ఒకటి పక్క షీల్డుకు, ఒకటి హల్‌కు. కార్డు బోర్లా కాదు, క్రిటికల్ ఉంది కాబట్టి తెరిచి పెట్టు," అన్నాడు.

"ఖర్చు పెట్టడం ఒక మెట్టు బావా, నష్టం లెక్కకట్టడం తర్వాతి మెట్టు. నేను ఏ వరుసలో పెట్టినా ఒకటే," అన్నాను.

పుస్తకం తెరిచాం. బ్రేస్ గురించి ఒక చోట, రీడైరెక్ట్ గురించి ఇంకోచోట, దాడి దశలు మరోచోట ఉన్నాయి. మూడూ పక్కపక్కన పెట్టి చదివితే గానీ సంగతి తేలలేదు. మొత్తం నష్టం కూడినప్పుడే బ్రేస్ పనిచేస్తుంది. ఆ నష్టాన్ని ఓడ భరించే దగ్గర రీడైరెక్ట్ వస్తుంది. ఏడులో సగం నాలుగు, మూడు ముందు షీల్డులకు, ఒకటి పక్క షీల్డుకు. హల్‌కు కార్డే లేదు, కార్డు లేకపోతే తెరవడానికేముంది? ఒక్క కార్డు కోసం అంత సేపా అనుకోవచ్చు. కానీ తెరిచిన కార్డు ఓడ గతినే మార్చేస్తుంది, ఆ రాత్రి గెలుపోటములు దానిమీదే ఉన్నాయి. బావ ఒప్పుకున్నాడు. ఆడిటర్ కదా, రాతపూర్వకంగా కనిపిస్తే చాలు.

ఇక్కడ నా పొగడ్తను కాస్త తగ్గించుకోవాలి. తర్వాతి ఆట నుంచి బావ నీలం పాచికల ఓడలు తేవడం మొదలుపెట్టాడు. నీలం పాచిక ఎనిమిది ముఖాల్లో రెండు ఆక్యురసీ గుర్తులు, ఎరుపులో ఒకటి, నలుపులో అసలు లేవు. ఒక ఆక్యురసీ ఖర్చు పెడితే నా టోకెన్ ఒకటి ఆ దాడికి తాళం పడినట్టే. తాళం ఎప్పుడూ బ్రేస్‌కే పడుతుంది. అదృష్టం ప్రమేయం లేని రక్షణ అని నేను మురిసిపోయిన చోటే అదృష్టం దొడ్డిదారిన వచ్చి కూర్చుంది. పైగా ఓడ వేగం సున్నాకు దిగితే ఏ టోకెనూ వాడకూడదు. ఈ ఒక్క వాక్యాన్ని కొత్తవారు దాటేస్తారు, దాటేసి ఏడుస్తారు.

దాడి నుంచి తప్పించుకునే టోకెన్ ఎవేడ్ సంగతి ఇంకో తలనొప్పి. నా పెట్టెలోని పుస్తకం ప్రకారం దగ్గరి దూరంలో అది పనికిరాదు. తర్వాతి సవరణల్లో దగ్గర్లో కూడా ఎదుటివాడి చేత ఒక పాచిక తిరిగి వేయించవచ్చు. కాబట్టి పెట్టెలోని పుస్తకం నమ్ముకుని ఆడకండి, ఆట మొదలయ్యే ముందే ఏ సవరణ ప్రకారమో తేల్చుకోండి.

కొనమని చెప్పనా? 2024లో ఈ ఆటకు కొత్త విడుదలలు ఇక ఉండవని ప్రకటించారు, కాబట్టి పాత పెట్టెలు వెతుక్కోవాల్సిందే. నాకైతే మూడడుగుల చదరం బల్ల ఉంది, అర్ధరాత్రి దాకా నియమం వాదించినా మర్నాడు మళ్లీ వచ్చే బావ ఉన్నాడు. ఒంటరిగా ఆడేవారికి, గంటలో ముగించాలనుకునేవారికి ఇది నచ్చుతుందని అనుకోను. ఎవరైనా తమ సెట్టు అమ్ముతుంటే ముందు ఒక ఆట ఆడి చూసి తీసుకోండి. ఆ ఆటలో మీ బ్రేస్ కనీసం ఒక్కసారైనా ఆక్యురసీకి చిక్కేలా చూసుకోండి, అప్పటికీ నచ్చితే సరే.